చీనీపూల టీ

ప్రొద్దుటూరులో మేం అద్దెకున్న వీధిలోకి ఆమె ఒక ఎండాకాలం మధ్యాహ్నం జీపులో వచ్చి దిగింది. ఒక కొడుకు, ఒక కూతురు, రెండు ట్రంకు పెట్టెలు, ఒక గోనెసంచి జొన్నలు. జీపు తోలుకొచ్చినవాళ్ళు సామాను ఎదురింట్లో దించి, వీధి రెండు కొసలూ ఒకసారి చూసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంటి వీధి కిటికీ తెరుచుకోలేదు.

అలా వచ్చి దిగే ఆడవాళ్ళు మా ఊరికి కొత్త కాదు. పులివెందుల వైపు, జమ్మలమడుగు వైపు పల్లెల్లో ఆ రోజుల్లో పార్టీ అంటే జెండా కాదు, ఊరిని చీల్చుకున్న రెండు గుంపులు. ఒక గుంపులో మనిషి హత్యకు గురై పడిపోతే రెండో గుంపు మగవాళ్ళు ఊరు వదిలేవాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళూ పిల్లలూ ఏ ప్రొద్దుటూరుకో కడపకో వచ్చి తలుపులు మూసుకునేవాళ్ళు. నేను మిషన్ బడిలో టీచరును. మా ఆయన కరెంటాఫీసులో పనిచేసేవాడు. అలాంటి ఇళ్ళవాళ్ళను మీ ఆయన ఎక్కడున్నాడని అడగకపోవడమే మా వీధి మర్యాద.

ఆమే మా తలుపు తట్టింది. చేతిలో చిన్న గుడ్డసంచి ఉంది.

“టీచరమ్మా, ఇది టీ ఆకంట. రెండుమార్లు కాసినా గడ్డినీళ్ళ మాదిరే వచ్చె. దీన్ని ఎట్ల కాయాల్నో నీకేమన్నా తెల్సునా?”

సంచి విప్పి చూశాను. మనం అంగట్లో తెచ్చుకునే పొడి కాదు. నల్లగా, మెలికలు తిరిగి, పొడుగ్గా, ఆకు ఆకుగా ఉంది. నాకూ తెలియదు. కానీ ఎవరిని అడగాలో తెలుసు. మాకు రెండిళ్ళ అవతల ఆపా ఉండేది. ఆమె భర్తది బజారులో టీపొడి అంగడి. ఆపా అంటే ఉర్దూలో అక్క; వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆమె ఆపానే. ఎదురింటామెను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాను.

ఆపా గుప్పెడు ఆకు అరచేతిలో పోసుకుని, దాని మీద వెచ్చగా ఊది, వాసన చూసింది.

“అరె, దీన్ని పాలల్లో ఏసి ఉడకబెట్టినావా? ఏం పాపం చేసె మే ఇది! నీళ్ళు మరిగినాంక దించి, ఆకు ఏసి మూత పెట్టల్ల. అంతే. దానంతటదే దిగుతాది.”

ఆ రోజు ముగ్గురం ఆపా వంటింట్లో చాప మీద కూర్చుని మొదటిసారి ఆ టీ తాగాం. తేనె రంగులో ఉంది. మొదట ఏ రుచీ తెలియలేదు. మింగిన తర్వాత ఎక్కడి నుంచో వచ్చింది, వానకు తడిసిన కట్టెలాగా, పండిన పండులాగా. ఎదురింటామె రెండో గుక్క తాగి కళ్ళు మూసుకుంది. నేను ఆమెను అక్కా అని పిలవడం ఆ రోజే మొదలుపెట్టాను.

తర్వాత అది మాకు పిచ్చి అయిపోయింది. శనివారం ఒంటిపూట బడి. నేను రాగానే ముగ్గురం చేరేవాళ్ళం. ఆ ఆకుకు రకరకాల వాసనలు పట్టించడం ఆపా మొదలుపెట్టింది. ఏలకులు, ఎండు గులాబీ రెక్కలు, సోంపు. నేను మా బడి పెరట్లోని నిమ్మగడ్డి ఎండబెట్టి తెచ్చాను. అక్క చీనీతొక్కను, అదే బత్తాయి తొక్కను, నీడన ఆరబెట్టి సన్నగా తరిగి కలిపింది. ఎవరి పొట్లం వాళ్ళు ఇంట్లోనే కలిపి తేవాలి, ఏం కలిపామో చెప్పకూడదు, మిగతా ఇద్దరూ తాగి చెప్పాలి. ఈ ఆటలో అక్కను గెలవడం మా వల్ల కాలేదు. ఒకసారి నా టీ ఒక గుక్క తాగి, “మిరియం ఒక్కటే కాదు, మిరపకాయలు దంచిన రోట్లో దంచినావు టీచరమ్మా,” అంది. నిజమే. ఆపా నవ్వీ నవ్వీ చాప మీద ఒరిగిపోయింది. రంజాన్ రోజాల నెలలో ఉపవాసం కాబట్టి ఆపా తాగేది కాదు, కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని వాసనతోనే తీర్పు చెప్పేది. ఆ వంటింట్లో ఉన్నంతసేపూ అక్క వీధి చప్పుళ్ళు వినేది కాదు. మిగతా వేళల్లో ఏ జీపు శబ్దమైనా ఆమె మాట మధ్యలోనే ఆగిపోయేది.

ఆకు ఎక్కడి నుంచి వస్తుందో ఏడాది వరకూ చెప్పలేదు. చివరికి ఒక రోజు తనంతట తానే చెప్పింది. ఆమె భర్త నీలగిరి కొండల్లో, తెలిసినవాళ్ళ టీతోటలో మేస్త్రీగా తలదాచుకున్నాడు. కోయంబత్తూరు పోయివచ్చే లారీ డ్రైవరు ఒకాయన ఆ సంచి తెచ్చిచ్చేవాడు. ఉత్తరం ఉండదు, కబురు ఉండదు. ఆకు వచ్చిందంటే మనిషి బతికున్నట్టు.

కొత్త సంచి రాగానే అక్క ముందు దాంట్లో మొహం పెట్టి చాలాసేపు ఉండిపోయేది. ఆకు ఎలా ఉందో చూస్తోందనుకునేదాన్ని నేను. ఆపా నా చెవిలో అంది, “ఆకు వాసన కాదు మే, ఆ సంచి కట్టిన చేతి వాసన.”

ఒక వానాకాలం సంచి రాలేదు. మేం మిగిలిన ఆకును చిటికెడు చిటికెడు వాడుకున్నాం. తర్వాత వాడిన ఆకునే ఆరబెట్టి మళ్ళీ వేసుకున్నాం. రంగు కూడా దిగేది కాదు. అక్క ఆ వేడినీళ్ళే తాగేది. సంచి మళ్ళీ వచ్చిన రోజు ఆమె మా గుమ్మంలో కూలబడి ఏడ్చిన ఏడుపు చూసి, మా ఆయన పైకండువా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఎన్నికలు వచ్చాయి. పెద్దలు కూర్చుని రాజీ చేశారు. రెండు గుంపులూ ఒకే జెండా కిందికి వచ్చాయి. అక్క భర్త కొండలు దిగి వచ్చాడు. నేను ఏ బుర్రమీసాల మనిషినో ఊహించుకున్నాను. వచ్చినాయన బక్కగా ఉన్నాడు, మెల్లగా మాట్లాడుతున్నాడు. ఆపా వంటింటి చాప మీద మాతోపాటే కూర్చుని, నా నిమ్మగడ్డి టీ తాగి, బాగుందన్నాడు. కొండల్లో ఒక వ్యాపారి ఆకు మీద మల్లెపూలు పరిచి వాసన పట్టించడం చూశానని చెప్పాడు.

“మన చీనీ తోట పూతకొచ్చినబ్బుడు మీరిద్దరూ రావల్ల. ఆ పూలతో చేస్తాం. మల్లె దాని ముందర ఏం నిలుస్తాది?”

అక్క ఊరికి వెళ్ళిపోయింది. పూత సమయానికి కబురంపింది. ఆపా, నేను బస్సెక్కి వేంపల్లె మీదుగా పులివెందుల వెళ్ళాం. అక్కడి నుంచి వాళ్ళ జీపు. తోట ఇంకా కనబడకముందే వాసన ఎదురొచ్చింది. గేటు దగ్గర ఇద్దరు మనుషులు దుప్పట్లు కప్పుకుని కూర్చునున్నారు. ఆ దుప్పట్ల కింద ఏముందో మేం అడగలేదు.

పొద్దున్నే చెట్ల కింద పంచెలు పరిచి కొమ్మలు మెల్లగా ఊపాం. తెల్లటి పూలు రాలాయి. చాటల్లో ఒక వరుస ఆకు, ఒక వరుస పూలు, మళ్ళీ ఆకు. పైన తడి లేని గుడ్డ కప్పాం. సాయంత్రానికి వాడిన పూలు ఏరి పారేసి, మర్నాడు మళ్ళీ కొత్త పూలు వేశాం. అక్క ఆ పనంతా పాట పాడుతున్నంత తేలిగ్గా చేసింది. మర్నాటి సాయంత్రం తోటలోనే రాళ్ళపొయ్యి పెట్టి ఆ టీ దింపాం. నేను ఇన్నేళ్ళలో ఎన్నో రకాల టీలు తాగాను. అలాంటిది మళ్ళీ తాగలేదు.

“అల్లా, ఇంత వాసనా! ఈ తోటకు దిష్టి తగుల్తాది,” అంది ఆపా.

“దీనికంటే బాగుండె ఆపా, ఆ గట్టు అవతలోళ్ళ తోట,” అన్నాడాయన.

“ఇప్పుడేమాయె? ఎండిపోయెనా?”

“లేదు. మేమే నరికినాం. కాపు మీదుండె. అబ్బుడు నాకేం అనిపించలే. కొండల్లో ఆకు తెంపే ఆడోళ్ళు చెట్టును ఎట్ల చూసుకుంటారో చూసినాక అనిపించె.”

అక్క లేచి, మా కప్పుల్లో టీ నింపి, “చల్లారిపోతాది, తాగండి,” అంది. నేను తాగాను. రుచి అలాగే ఉంది. కానీ గట్టు అవతలికి చూడకుండా ఉండలేకపోయాను. అక్కడ కంపచెట్లు మొలిచి ఉన్నాయి.

రాజీ ఎక్కువ రోజులు నిలవలేదు. మండలం ఎన్నికల్లో ఎవరి మనిషిని నిలబెట్టాలన్న దగ్గర తెగిపోయింది. రెండో గుంపు ఇంకో జెండా పట్టుకుంది. మరుసటి ఏడు పూతకు ముందే చీనీ తోట నరికేశారు. ఆ తర్వాత ఆయన ఒకసారి ప్రొద్దుటూరు వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

“మొద్దులు మిగిల్చినారు టీచరమ్మా. మేం ఎట్ల నరికినామో అట్లనే నరికినారు.” ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది.

పాత కేసు మీద జమ్మలమడుగు కోర్టులో వాయిదాకు వెళ్తుండగా దారిలో ఆయన్ను చంపేశారు. ప్రొద్దుటూరులో బజారు గబగబా మూతపడుతుంటే విషయం ఏమిటో మాకు తెలియదు. ఆపా కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఆమె నోరు విప్పకముందే నాకు అర్థమైంది.

మేం వాళ్ళ ఊరు వెళ్ళేసరికి అక్క ఇంటి ముందు జీపులూ కార్లూ నిండిపోయాయి. వాకిట్లో పెద్ద అండాల్లో పాలు పోసి టీ మరిగిస్తున్నారు. వచ్చినవాళ్ళకు గ్లాసులు అందిస్తున్నారు. అక్క లోపల గోడకానుకుని కూర్చునుంది. ఆపా కొంగుముడిలో కాస్త ఆకు తెచ్చింది. కొత్తగా ఏదో కలిపింది, వాసన చూస్తే ప్రాణం కాస్త కుదుటపడుతుందేమోనని. అక్క ఆ ముడిని మొహం దగ్గర పెట్టుకుని తీసేసింది.

“నాకు వాసనే తెలియడంల్యా ఆపా. అన్నం వాసన గూడ తెలియడంల్యా.”

అప్పుడే తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన మనుషులతో లోపలికి వచ్చాడు. మేం పక్కకు జరిగాం. ఆయన అక్క ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“అమ్మా, ఈసారి నువ్వు నిలబడాల. నువ్వు లేదంటే నీ మొగుని నమ్ముకున్న ఇండ్లన్నీ ఏం కావాల?”

“నాకు మాట్లాడేది రాదప్పా.”

“నువ్వేం మాట్లాడొద్దు తల్లీ. దండం పెడ్తా ఉండు, చాలు.”

ఆమె ఒప్పుకుందో లేదో నేను వినలేదు. కొన్నాళ్ళకు ప్రొద్దుటూరు గోడల మీద కూడా ఆమె బొమ్మ కనబడింది, చేతులు జోడించి, బొట్టు లేని మొహంతో. గెలిచింది.

గెలిచిన చాలా నెలల తర్వాత, ఏదో మీటింగుకు వచ్చి, మమ్మల్ని చూడ్డానికి ఆపా ఇంటికి వచ్చింది. ముందు తుపాకీ పట్టుకున్న మనిషి, వెనక ఇద్దరు. వంటింట్లోకి కాకుండా ముందు గదిలో కుర్చీలో కూర్చోబెట్టాం. ఆపా ఎంతో ముచ్చటగా టీ దింపి కప్పు తెచ్చింది. అక్క చెయ్యి చాపింది. తుపాకీ మనిషి వంగి మెల్లగా అన్నాడు, “మేడం, బయట ఏమీ తాగొద్దని చెప్పినారు గదా.”

ఆపా కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె మొహం నల్లబడింది. తర్వాత ఆ కప్పునే నోటి దగ్గర పెట్టుకుని ఒక గుక్క తాగింది.

“చూడు నాయనా, నేను తాగినా. బతికే ఉండా.”

ఆ ఎంగిలి కప్పును అక్క చేతిలో పెట్టింది. అక్క తల వంచుకుంది. కన్నీళ్ళు కప్పులో పడుతున్నా తుడుచుకోలేదు. “మీరంతా బయటికి పోండి,” అంది, మేం ఎన్నడూ వినని గొంతుతో. వాళ్ళు గుమ్మం దాకా వెళ్ళి అక్కడే ఆగారు. అక్క టీ అంతా తాగి, కప్పు ఆపాకిచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఏం కలిపానో చెప్పమని ఆపా అడగలేదు. పోతాపోతా అక్క, “ఇంగ రాను ఆపా. నేనొస్తే నీకే చెడ్డ,” అంది.

అన్నట్టే రాలేదు. ఆపాకు కామెర్లు వచ్చి, ముదిరి పోయినప్పుడు కూడా రాలేకపోయింది. ఆ వారం వాళ్ళ ఊళ్ళో మళ్ళీ ఎవరో పడిపోయారని తర్వాత తెలిసింది. పదవి అయిపోయాక, ఒక రోజు ఆర్టీసీ బస్సు దిగి ఒక్కతే మా ఇంటికి నడిచి వచ్చింది. జుట్టు మొత్తం నెరిసింది. ఇద్దరం ఆపా ఇంటికి వెళ్ళాం. ఆ వంటింట్లో ఆపా కోడలు, అక్క ఎవరో తెలియక, మాకు చాప బదులు కుర్చీలు వేసింది. కాసేపు కూర్చుని వచ్చేశాం.

బస్టాండులో బస్సు కోసం నిలబడినప్పుడు పిల్లల సంగతి అడిగాను. కూతురు అనంతపురంలో కాపురం చేసుకుంటోంది. కొడుకు ఊళ్ళోనే ఉన్నాడు.

“ఎంత చెప్పినా ఇనడంల్యా టీచరమ్మా. వాళ్ళ నాయన మాదిరే జీపూ, ఎనకాల మనుషులూ. తోట జాగా అట్లనే బీడుండాది. మల్లా చీనీచెట్లు పెట్టుకుందాం నాయనా అంటి. చెట్లు పెడ్తే కాపలాకు మనుషులు కావాల్నంట, వాని మనుషులకు వేరే పనుండాదంట.”

పులివెందుల బస్సు వచ్చింది. జనం తోసుకుంటుంటే ఆమె వెనక తలుపు దగ్గర ఆగి, చివర ఎక్కింది. నేను పక్కనే నడుస్తూ కిటికీలు వెతికాను. ఏ సీటులో కూర్చుందో కనబడలేదు. బస్సు కదిలింది.