తౌనో అడిగిన ఒక్క మాట

మా తమ్ముడు తౌనో వేసవిలో తాగుడు మానేశాడు. మానడం ఇదేం మొదటిసారి కాదు. వడ్రంగం పనిలో ఇసల్మి ఊరంతా వెతికినా వాడికి సాటి లేడు. కానీ సీసా కనిపిస్తే ఆ చేయి ఆగదు. ఈసారి తాగుడు మాన్పించే వైద్యశాలలో ఒకామె వాణ్ణి కూర్చోబెట్టి చిన్నప్పటి సంగతులు అడిగింది. నాన్న తాగి వచ్చినప్పుడల్లా పెరట్లోని సౌనా అనే ఆవిరి స్నానాల గదిలో, పొయ్యి వెలిగించని చలిలో, బయట గొళ్ళెం పడి, తెల్లారేదాకా వణికిన సంగతి అప్పుడు బయటపెట్టాడు. "ఇది నిజమేనని మీ ఇంట్లో ఒక్కరి చేతనైనా చెప్పించుకో" అందామె.

ఆ రోజుల్లో నేను పెద్దమ్మ దగ్గరుండి చదువుకుంటున్నాను. నాన్న ఎప్పుడో పోయాడు, ఇక మిగిలింది అమ్మ. అమ్మ నోరు విప్పితేగా! మా ఫిన్లాండు వాళ్లకు నోరు మూసుకోవడమే మర్యాద, చచ్చినవాళ్ల విషయంలో మరీనూ. "మీ నాన్న యుద్ధం చూసొచ్చిన మనిషి" అంటుంది, కాఫీ పోస్తుంది, అంతటితో సరి. ఆ కాఫీ చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం ముగ్గురం సమాధుల తోటకు వెళ్లాం. ఏటా లాగే ఊరంతా మంచులో తమవాళ్ల సమాధుల ముందు దీపాలు పెడుతోంది. నాన్న సమాధి రాతి మీది మంచు అమ్మ దులిపి, దీపం తౌనో చేతికివ్వబోయింది.

"పెట్టను" అన్నాడు వాడు. "నాన్న నన్ను సౌనాలో పడేసి గొళ్ళెం పెట్టేవాడు. అవునా, కాదా? ఆ ఒక్క మాట చెప్పు."

"ఊరుకోరా, జనం వింటారు."

"విననీవే!" అని అరిచాను నేను. "రేపు వీడు పోతే వీడికీ ఇలాగే నోరు మూసుకుని దీపం పెడతావా?"

అమ్మ దీపాన్ని మంచులోనే దించింది.

"మీ నాన్న కాదు" అంది. "నిద్రలోనే నిన్ను మోసుకెళ్లి గొళ్ళెం పెట్టింది నేనే. ఆయన చేతికి దొరికితే నిన్ను చంపేసేవాడురా."

తౌనో అమ్మకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "మరి చెప్పలేదేం? ఈ ఇంటికి నేను అక్కర్లేదనుకున్నానే అమ్మా! ఇన్నేళ్లూ అదే తలుచుకుని తాగాను!"

"తెల్లారాక నువ్వేమీ అడిగేవాడివి కాదు. మర్చిపోయావనుకున్నా."

మర్చిపోయాడట! నాకు ఆ రాతిని ఎగిరి తన్నాలనిపించింది.

తౌనో నా వైపు తిరిగాడు. "అక్కా, ఇంటికొద్దు. ఇవాళ ఇంటికెళ్తే తాగేస్తాను. ఆ వైద్యశాలకే తీసుకెళ్లు."

"పొయ్యిలో మాంసం మాడిపోతుందే" అని గొణిగింది అమ్మ. నేను ఏదో అనేలోగా తనే కారెక్కి వాడి పక్కన కూర్చుంది. ఊరు దాటేదాకా కిటికీలోంచి బయటికే చూసింది.

"ఆ సౌనాలో బాగా చలేసేదా నాయనా?" అని అడిగింది అప్పుడు.

"చచ్చేంత" అన్నాడు వాడు.