అత్తమ్మ కన్ను, నా సాలెపురుగు

నేను సాలెపురుగును పెంచుతున్నానంటే నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. చిలుకను పంజరంలో పెట్టినవాళ్లను ఎవరూ పిచ్చివాళ్లనరు. నన్ను మాత్రం ముంబై పక్కన భివండిలో, కనేరిలోని మా గల్లీ గల్లీ అంతా అంది.

అది మా కార్ఖానాలో కండెల డబ్బా వెనక దొరికింది. నేనక్కడ మగ్గాలకు నూలు కండెలు చుడతాను. అరచేతంత పురుగు, గోధుమ రంగు కాళ్లు. తోటి ఆడవాళ్లు చెప్పులు తీశారు. ఏం పాపం చేసిందని? ఒళ్లు మండి, దాన్ని డబ్బా మూతతో మూసి పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఖాళీ పచ్చడి సీసా, మూతకు నాలుగు చిల్లులు, రెండు రోజులకో బొద్దింక. అది గూడు అల్లదు, పొంచి ఉండి దూకుతుంది. రోజంతా మగ్గాల మోత విని వచ్చినదాన్ని, చప్పుడు చేయని ఆ ప్రాణి ముందు కూర్చుంటే హాయిగా ఉండేది.

రెండు నెలలకు అత్తమ్మ నుదుటి మీద, ఒక పక్కన, పొక్కులు లేచాయి. ఒకటే మంట. సాలెపురుగు ఉచ్చ పోస్తే పొక్కులొస్తాయని మావాళ్లందరి నమ్మకం. ఇంకేం, తీర్పు అయిపోయింది. పక్కింటామె పసుపు, వేపాకు నూరి పట్టించింది. మర్నాటికి పొక్కులు రెప్ప దాకా దిగాయి, కన్ను ఎర్రబడింది.

“దవాఖానకు పోదాం అత్తమ్మా,” అన్నాను.

“పురుగు ఉచ్చకు డాక్టర్ ఏం జేస్తడే? ముందుగాల గా దాన్ని సంపు. గదే తగ్గుతది.”

మా ఆయనా తల్లి వైపే. “సంపెయ్యరాదూ, ఖాలీపీలీ లఫ్డా, ఉత్త లొల్లి ఎందుకు?” అన్నాడు.

చంపితే, పీడ పోయిందనుకుని ఆమె పసరు పూసుకుంటూ ఇంట్లోనే కూర్చుంటుంది. ఈలోపు కన్ను పోతుంది. నాకదే భయం. అందుకే మొండికేశాను.

సీసా మూత తీసి సాలెపురుగును నా చెంప మీదికి ఎక్కించుకున్నాను. తెలివైన పని అనను. అది మెల్లగా పాకి నా కంటి పక్కన ఆగింది.

“సూడు అత్తమ్మా. నాకు పొక్కులొస్తే నా చేతుల్తోనే సంపుత. గని నువ్విప్పుడే దవాఖానకు నడువు. అందాంక దీన్ని దించ.”

“ఓ పిస్సదానా, నీ కన్ను పోతదే! దించు, వస్తున్న!” అంటూ అత్తమ్మ చెప్పుల కోసం వెతుక్కుంది.

చిన్నప్పుడెప్పుడో అత్తమ్మకు ఆటలమ్మ పోసిన రోగమే ఒంట్లో దాగి ఇప్పుడిలా లేచిందని, పురుగులతో సంబంధమే లేదని దవాఖానలో డాక్టర్ చెప్పాడు. ఇంకొన్నాళ్లు ఆగితే చూపు పోయేదని, వెంట వచ్చిన మా ఆయనను తిట్టాడు. మాత్రలు, కంట్లో చుక్కలు. నెలకు తగ్గింది. నా ముఖం మీద ఒక్క పొక్కూ రాలేదు.

అయినా అత్తమ్మ నమ్మలేదు. కనబడినవాళ్లకల్లా పురుగే చేసిందని చెబుతుంది. పొద్దున లేవగానే సీసా వైపు ఉరిమి చూస్తుంది, రెండు కళ్లతోనూ. చూడనీ.