నలభై ప్రశ్నలూ, మా లారీ మావయ్యా

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, మర్యాదగల భాషలో అడిగితే ఎవరినైనా ఏదైనా అడగవచ్చని. ఇరవై మూడేళ్ళ వయసు, కొత్త ఉద్యోగం, మెడలో ఫొటో ఉన్న కార్డు, ఈ మూడూ ఒకచోట చేరిన మనిషికి ఇక తెలియనిదంటూ ఉండదు కదా! యాంగోన్‌లోని, అంటే పాత రంగూన్‌లోని, మా ఆఫీసు సరిహద్దు ఊళ్ళలో ఆరోగ్య కార్యక్రమాలు నడిపేది. థాయ్ సరిహద్దు దాకా సరుకు తోలే లారీ డ్రైవర్లకు హెచ్ఐవి ప్రమాదం ఎంతుందో తెలుసుకోవడానికి ఒక ప్రశ్నాపత్రం తయారవుతోంది. అది ఎవరి భాషలో వాళ్ళకుండాలనీ, ఎవరి మనసూ నొచ్చుకోకూడదనీ మా పైఅధికారిణి పట్టుదల. ఆవిడను అందరం సయామా అనేవాళ్ళం, అంటే మేడంగారని అనుకోండి. ఆఫీసు మొత్తానికి తెలుగు రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో నలభై ప్రశ్నలూ నా నెత్తిన పడ్డాయి. (మా ముత్తాతలు విశాఖ వైపు నుంచి రేవులో బరువులు మొయ్యడానికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. మా అమ్మ పట్టుబట్టి గుడిలో నడిచే బడికి పంపి నాకు అక్షరాలు దిద్దించింది. అవి ఇందుకు పనికొస్తాయని ఆవిడ కలలో కూడా అనుకొని ఉండదు.)

రాశాను. అబ్బో, ఏం రాశాననుకున్నారు! "గత పన్నెండు మాసములలో వైవాహికేతర సాన్నిహిత్యము సంభవించినదా?" ఇలాంటివి నలభై. చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి. సయామా రెండు షరతులు పెట్టింది. జవాబిచ్చే మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి, చుట్టాలను అడగకూడదు. ఈ రెండోదే కుదరలేదు. ఊళ్ళో మావాళ్ళెక్కువగా ఉండే తాకేటా పేటలో తెలుగు లారీ డ్రైవరు ఎవరైనా సరే నాకు బాబాయో, మావయ్యో, కనీసం మావయ్యకు బావమరిదో అవుతాడు. ఎలాగూ తప్పనప్పుడు నన్నెక్కువ ముద్దు చేసేవాడే నయమని మా అమ్మ తమ్ముణ్ణి ఎంచుకున్నాను. నాన్న లేని మా ఇంటికి పెద్దదిక్కు ఆయనే. ఒక ఆదివారం ఫారాలు సంచిలో పెట్టుకుని మేముండే తామ్వేలో బస్సెక్కాను.

మావయ్యది ఒక్క గది ఇల్లు. "అత్తా, నువ్వు కాసేపు బయట కూర్చుంటావా? మావయ్యతో ఒంటరిగా మాట్లాడాలి" అన్నాను, షరతు ప్రకారం. "ఓలమ్మో, నా ఇంట్లోంచి నన్నే ఎల్లమంటన్నాడు! ఏటిరా అంత రహస్యం?" అంటూ అత్త బయటికి నడిచింది. నడిచి కిటికీ దగ్గర నిలబడింది. ఆవిడ పక్కన పక్కింటావిడ నిలబడింది. వయసు, లారీ, నెలకెన్ని ట్రిప్పులు, ఇలాంటి మొదటి ఆరు ప్రశ్నలూ సాఫీగానే సాగాయి. ఏడోది గంభీరంగా చదివాను. మావయ్య టీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

"ఏట్రా అల్లుడా అది? మంత్రమా?"

మామూలు తెలుగులో చెప్పాల్సి వచ్చింది. చెబుతుంటే నా చెవులు కాలిపోయాయి. మావయ్య కోప్పడలేదు. కిటికీ వైపు చూశాడు, నా వైపు చూశాడు, గొంతు తగ్గించి "ఇయన్నీ నువ్వెందుకడుగుతన్నావురా?" అన్నాడు. నేను ఫారం మీది ఉపోద్ఘాతం వెతుక్కునేలోపే కిటికీలోంచి అత్త జవాబు చెప్పేసింది. "ఎందుకేటి! గుంటడికే ఏదో అయినట్టున్నాది, సూడండి ఎలగ సిక్కిపోయేడో!"

నేను బస్సు దిగేసరికి ఆ కబురు ఫోన్లో మా ఇంటికి చేరిపోయింది. అమ్మ గుమ్మంలోనే కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. "నాయనా, నీకేటయింది? నాకొక్కదానికి సెప్పు." ఇది ఆఫీసు పని మొర్రో అంటే వినదే! ఆవిడ ఏడుపు వెనక అసలు సంగతి వేరే ఉంది. రేవు పక్కనున్న చిమిండైంగ్ పేటలో నాకొక సంబంధం ఖాయమైంది, తాంబూలాలే తరువాయి. ఆ అమ్మాయిని నేను రెండుసార్లే చూశాను గానీ, మూడోసారి చూడకపోతే బతకలేనన్నంత దాకా వచ్చింది నా వ్యవహారం. "ఆ పరీచ్చేదో సేయించుకుని కాగితం ఒట్టుకురా, ఆల మొకాన పడేస్తాను" అని అమ్మ తీర్మానించింది.

ఊరందరినీ "పరీక్షకు సమ్మతమేనా?" అని అడగడానికి బయల్దేరిన పెద్దమనిషికి, ఆ ఆసుపత్రి బెంచీ మీద తను కూర్చోవాలనేసరికి మూడు రోజులు అన్నం సయించలేదు. ఎవరైనా చూస్తేనో? (పరీక్షకు వెళ్ళుటకు గల ఆటంకములు పేర్కొనుము అని ముప్ఫై ఎనిమిదో ప్రశ్న. జవాబుకు నేను వదిలింది ఒక్క గీత.) నాలుగో రోజు పొద్దున్నే మావయ్య వచ్చాడు. "ఒక్కడివీ ఎల్లకు, నాను తోడొస్తాను" అన్నాడు. మావాళ్ళలో పన్ను పీకించుకోవడానికైనా ఎవరినీ ఒంటరిగా పంపరు, అందుకని నాకేమీ వింతగా తోచలేదు.

ఆసుపత్రిలో నా రక్తం తీశారు. మావయ్య చొక్కా చెయ్యి మడుచుకుంటూ, ఏదో ఊసుపోకకు అన్నట్టు, "వచ్చేను కదా, నాదీ తీసేయండి" అని నర్సుతో బర్మా భాషలో అన్నాడు. ఫలితం కోసం బెంచీ మీద కూర్చున్నాక నా వైపు చూడకుండా మాట్లాడాడు. "నీ ప్రశ్నలన్నిటికీ నా కాడ జవాబులున్నాయిరా. ఏడాదిగా ఈ గుమ్మం ముందు లారీ ఆపడం, దిగడానికి దైర్యం సాలక ఎల్లిపోవడం. నీ పుణ్యమా అని నేడు లోపలికొచ్చేను." మెడలో కార్డు తీసి జేబులో పెట్టుకున్నాను.

నా కాగితం బాగుంది. ఆయనది బాగాలేదు.

రోజూ మాత్ర వేసుకుంటే అందరిలాగే నిండా బతకవచ్చని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. బయటికొచ్చి టీ కొట్లో కూర్చున్నాక మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ అత్తకి నానే సెప్తాను. ఇంకెవలికీ సెప్పకురా. ఓనరుకి తెలిస్తే లారీ తాళం లాగేసుకుంటాడు." అత్తకు ఆ రాత్రే చెప్పాడు. మర్నాడు అత్తను కూడా తీసుకెళ్ళాం, ఆవిడకేమీ లేదు. పది రోజులు ఆవిడ మావయ్యతో మాట్లాడలేదు. పదకొండో రోజు తన ఫోనులో మాత్ర వేళకు అలారం పెట్టింది.

మందులకు నెలనెలా వెళ్ళాలి. "అల్లుడికి తోడెల్తన్నాను" అని మావయ్య దర్జాగా చెప్పి బయల్దేరేవాడు, నేను రోగిలా ముఖం వేలాడేసుకుని పక్కన నడిచేవాణ్ణి. అమ్మ నా కాగితం తాకేటా అంతా తిప్పి చూపించింది. "కాగితం బాగానే ఉన్నాది గానీ, మరి నెలనెలా ఆడెందుకెల్తన్నాడు?" అని లోకం అడిగింది. అడగదూ మరి! జవాబులు చెప్పించడం నా ఉద్యోగం గానీ, చెప్పడం కాదు కదా.

మూడో నెల దాటాక అమ్మాయి తండ్రి మా ఇంటికొచ్చాడు. రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి, మాటలు తక్కువ. మావయ్యా అత్తా కూడా ఉన్నారు. ఆయన కూర్చుని సూటిగా నన్నే అడిగాడు. "ఆసుపత్రికి ఎందుకెల్తన్నావు బాబూ? నా పిల్ల సంగతి, నాకు తెలియాల." అమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. చెబితే మావయ్య పరువు, లారీ రెండూ పోతాయి, చెప్పకపోతే ఆ అమ్మాయి పోతుంది. నాకు ఏడుపొచ్చేసింది. "ఆఫీసు..." అన్నాను, అంతకుమించి అబద్ధం ఊడిపడలేదు.

"జబ్బు ఆడికి కాదు, బావగారూ" అన్నాడు మావయ్య. "నాకు."

అమ్మ కూలబడిపోయింది. మావయ్య తన టీ కప్పును తనే పక్కకు జరిపి కింద పెట్టుకున్నాడు, ఎవరైనా జరపమనేలోపే. ఆ పెద్దాయన కప్పు వైపు చూస్తూ అడిగాడు. "అయితే ఇన్నాళ్ళూ నీకు తోడెల్లింది ఈడా?"

"ఈడే. ఊరు ఊరంతా ఈడికే అంటగడితే నోరు మెదపనేదు."

ఆయన లేచి, మావయ్య కింద పెట్టిన కప్పు తీసి బల్ల మీద పెట్టి, కెటిల్లోంచి దాని నిండా టీ పోశాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "తాంబూలాలు ఎప్పుడు పెట్టుకుందామమ్మా?" అన్నాడు.

నా నలభై ప్రశ్నలనూ బర్మా భాషలో చెప్పించుకుని విన్న సయామా వాటిని ఎర్ర సిరాతో ముంచేసిందనుకోండి. మళ్ళీ రాశాను, ఈసారి లారీ స్టాండులో మాట్లాడుకునే తెలుగులో, అత్తకు చదివి వినిపించి మరీ. "పరీక్షకు ఎవరు తోడొస్తే బాగుంటుంది?" అన్న ప్రశ్నకు మావాళ్ళు చెప్పినన్ని జవాబులు మరి దేనికీ చెప్పలేదు. లారీ పోలేదు. ఓనరుకు తెలిసిందో లేదో నాకిప్పటికీ తెలియదు. (ఇదంతా రాయమన్నది మావయ్యే. "నా పేరు మాత్రం ఎయ్యకు, నీ ఏడుపు మాత్రం వొదలకు" అన్నాడు.) ఆ పాత ఫారాలు మొన్న బయటపడితే, మావయ్యను అంత గొప్ప తెలుగులో హింసించిన ఆ కుర్రాడి మీద నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఇప్పుడు మందులు కొన్ని నెలలకొకసారి ఇస్తున్నారు. మా ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఎవరికీ ఏమీ దాచక్కర్లేదు, అయినా ఆ బెంచీ మీద నర్సు మావయ్య నంబరు పిలిచిందంటే, ఆయనకంటే ముందు నేనే లేచి నిలబడతాను.