చిన్నమ్మమ్మ, సైన్స్ పరీక్ష, నూతి స్నానాలు

నిన్న పొద్దున్నే గుడివాడ నుంచి ఫోన్. ఆ టైమ్‌లో మావయ్య ఫోన్ చేశాడంటేనే ఏదో అయ్యిందని తెలిసిపోయింది.

"చిన్నమ్మమ్మ పోయిందే" అన్నాడు.

మొన్న సాయంత్రమే కదా, వీడియో కాల్‌లో నా జుట్టు చూసి "ఏమిటే ఆ పిచ్చుక గూడు" అని తిట్టింది!

నిద్రలోనే వెళ్ళిపోయిందట. హాస్పిటల్ లేదు, ట్యూబులు లేవు, ఎవరిచేతా చేయించుకోలేదు.

ఏడుస్తూనే "హమ్మయ్య" అనుకున్నాను. తప్పేం కాదు. ఆవిడ కోరుకున్నదీ అదే.

చిన్నమ్మమ్మ అంటే మా అమ్మమ్మ చెల్లెలు కామేశ్వరి. గుడివాడలో చాలామందికి సైన్స్ టీచరమ్మ. నూరేళ్ళకి దగ్గరపడిన మనిషి.

ఆవిడ సైన్స్ టీచర్ ఎలా అయిందో మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఇవాళ మీకూ చెప్పాలి.

బ్రిటిష్‌వాళ్ళ రోజులు. దివిసీమలో, అవనిగడ్డ పక్కన పల్లెటూరు. తండ్రి బడిపంతులు. కూతుర్ని కాలవలో పడవెక్కించి తీసుకెళ్ళి, బందరులో మేనత్త ఇంట్లో పెట్టి, ఆడపిల్లల హైస్కూల్లో చేర్పించాడు.

"ఎస్సెస్సెల్సీ పాసయ్యావా, టీచర్ ట్రైనింగ్. తప్పావా, పెళ్ళి" అని ముందే చెప్పేశాడు. పెళ్ళికొడుకు కూడా రెడీ.

"మంచివాడేనే. కానీ నాకు పెళ్ళి కాదు, ఉద్యోగం కావాలి" అనేది చిన్నమ్మమ్మ.

ఇప్పటి టెన్త్ లాంటిదే ఆ పరీక్ష. వాళ్ళ స్కూల్లో ఆడపిల్లలు సైన్స్ బదులు కుట్లూ అల్లికలూ తీసుకోవచ్చు. ఈవిడ అదే తీసుకుంది. పెడన గుడ్డ మీద చిలకలు కుట్టుకుంటూ హాయిగా ఆఖరి ఏడాదికొచ్చేసింది.

అప్పుడు పడింది పిడుగు.

హెడ్‌మిస్ట్రెస్ క్లాసుకొచ్చి, "రూల్స్ మారాయి. ఈసారి నుంచి సైన్స్ పాసవ్వకపోతే సర్టిఫికెట్ లేదు" అన్నారట.

అందరూ నాలుగో ఫారం, అంటే తొమ్మిదో క్లాసు నుంచి మూడేళ్ళు చదివేది కొద్ది నెలల్లో చదవాలి. ఆడపిల్లల బళ్ళో లాబ్ కూడా లేదు. శనివారాలు లైన్ కట్టించి మగపిల్లల హైస్కూల్‌కి తీసుకెళ్ళేవారు.

అసలు గొడవ ఇంటి దగ్గర. మేనత్తది మామూలు మడి కాదు. సైన్స్ పుస్తకంలో కప్ప బొమ్మ చూసింది, అంతే! ఈ పిల్ల రోజూ కప్పల్ని కోసి వస్తోందని ఫిక్సయిపోయింది.

"ముందు నూతి దగ్గరికి నడవ్వే! తలమీంచి పోసుకుని గానీ గడప తొక్కకు!"

"అత్తయ్యా, బొమ్మ గీశామంతే. కప్పని ముట్టుకోనే లేదు."

"గీసిన చెయ్యి నీదేగా?"

దీనికి ఏ సైన్స్‌లో సమాధానం ఉంది చెప్పండి!

పుస్తకానిక్కూడా ఇంట్లోకి ఎంట్రీ లేదు. వీధి అరుగు మీదే చదువు. తడి జడ, బందరు ఉప్పుగాలి, దారినపోయేవాళ్ళ వింత చూపులు. చివరికి జలుబు ముదిరి జ్వరం పట్టుకుంది. కలవరింతల్లో కూడా ఆక్సిజన్, హైడ్రోజనే.

జ్వరం కన్నా భయం ఎక్కువట. కళ్ళు మూస్తే చాలు, తనని తిరిగి ఇంటికి తీసుకెళ్ళే పడవ కనిపించేదట.

ఇక రేపో మాపో పరీక్షలనగా హెడ్‌మిస్ట్రెస్ మళ్ళీ వచ్చారు.

"పొరపాటు పడ్డామమ్మా. ఆ రూలు కొత్తగా నాలుగో ఫారంలో చేరేవాళ్ళకి. మీకు వర్తించదు."

క్లాసంతా ఊపిరి పీల్చుకుంది. ఈవిడ మాత్రం ఇంటికొచ్చి అరుగు మీద కూలబడి భోరుమంది.

"ఇన్ని నూతి స్నానాలూ బూడిదలో పోసిన పన్నీరేనా అత్తయ్యా!"

"ఊరుకోవే పిచ్చిదానా. స్నానం ఊరికే పోతుందా? పుణ్యం" అందట మేనత్త. ఆ ఒక్కరోజు మాత్రం నూతి దగ్గరికి పొమ్మనలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి అన్నం పెట్టింది.

పాసయ్యింది. ట్రైనింగ్ అయ్యింది. గుడివాడలో ఉద్యోగం వచ్చింది. అప్పటికి ఆడపిల్లలందరికీ సైన్స్ తప్పనిసరి అయిపోయింది, చెప్పే ఆడ టీచర్లే లేరు. "ఎవరు చెప్తారు?" అని అడిగితే చెయ్యెత్తింది మా చిన్నమ్మమ్మ ఒక్కతే.

మేనత్త చెప్పిన పుణ్యం అదే కాబోలు!

కానీ ఆ భయం మాత్రం పోలేదు. ఇన్నేళ్ళూ ఒకటే కల. ఎగ్జామ్ హాల్లో ఎవరో నిలబెట్టి, "కామేశ్వరీ, నీ సైన్స్ ఏదీ?" అని అడుగుతారట.

ఫారాలు పోయి క్లాసులొచ్చినా, పదకొండో క్లాసు పోయి ఇంటర్ వచ్చినా, మార్కులు పోయి గ్రేడ్లొచ్చినా, న్యూస్ పేపర్ పక్కన పెట్టి ఒకటే ప్రశ్న.

"ఇది మనకి వర్తించదుగా?"

రిటైరై పెన్షన్ తీసుకుంటున్న మనిషి!

ఒకసారి మావయ్య సరదాకి "ఎందుకు వర్తించదు, హాల్ టికెట్ తెచ్చుకో" అన్నాడు. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు. తర్వాత మాలో ఎవరూ ఆ జోక్ వెయ్యలేదు.

మొన్నటి కాల్‌లో, నా జుట్టుని తిట్టడం అయ్యాక, మా అమ్మాయి చదువు అడిగింది. టెన్త్ ఎగ్జామ్ ప్యాటర్న్ మళ్ళీ మార్చారని చెప్పాను.

వెంటనే మొహం మారిపోయింది. "మనకి?"

"నీకు వర్తించదు చిన్నమ్మమ్మా."

"హమ్మయ్య" అంది.

నాతో ఆవిడ అన్న ఆఖరి మాట అదే.

పైన మీ మేనత్త కనిపిస్తే నిన్ను మళ్ళీ నూతి దగ్గరికి పంపిస్తుందేమో, జాగ్రత్త. జలుబు చేస్తుంది.

ఇక ఎవరు ఏ రూలు మార్చుకున్నా నీకు వర్తించదు చిన్నమ్మమ్మా. కలలు లేకుండా, చల్లగా పడుకో.