చేతికిచ్చిన ఉప్పు

ఇబిజా వెళ్తున్నామంటే మా ఊరు ఫ్రిస్కోలో నా స్నేహితురాళ్ళు పగలబడి నవ్వారు, తాగి గంతులేసే కుర్రకారు దీవిలో తల్లీకూతుళ్ళకేం పని అని. టికెట్లు కొన్నది మావారు. అమ్మాయి హైస్కూల్ అయిపోయిందని ముగ్గురికీ బుక్ చేసి, తీరా ఆఫీసు పని పడి తాను ఆగిపోయారు. మా మధ్య రాయబారం నడిపే మనిషి లేకుండానే బయల్దేరాం.

రాయబారం ఎందుకంటే, అమ్మాయి డాక్టరు చదువుకు వచ్చిన సీటు వదులుకుని జియాలజీ చదువుతానంది. ఏప్రిల్ నుంచి నేను దానితో తిన్నావా, పడుకున్నావా తప్ప మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. నాది మాత్రం అచ్చమైన మొండితనం. ఆగస్టులో అది హాస్టలుకు వెళ్ళిపోతుంది. ఈలోగా మాట కలవకపోతే ఇక ఇలాగే ఉండిపోతామేమోనని లోపల భయం. అయినా నోరు పెగల్లేదు.

రిసార్టులో పాటల హోరుకు నా తల పగిలిపోతుంటే, రెండో రోజు పొద్దున్నే అమ్మాయి కారులో ఊళ్ళ వైపు తీసుకెళ్ళింది. ఎర్రమట్టి దారులు, అంజూర చెట్లు, సున్నం కొట్టిన చిన్న చర్చిలు. ఒక అరుగు మీద చిక్కుళ్ళు ఒలుస్తున్న పెద్దావిడ మమ్మల్ని చూసి తలూపింది. ఈ దీవి నాకు నచ్చింది. ఆ మాట కూడా పైకి అనలేదు.

మధ్యాహ్నానికి దక్షిణాన ఉప్పుమళ్ళ దగ్గర ఆగాం. గులాబీ రంగు నీళ్ళు, దూరంగా తెల్లటి కుప్పలు. అమ్మాయి గట్టు మీది ఉప్పు గుప్పెడు తీసి, నీళ్ళు ఎలా ఇగిరిపోతాయో, పలుకులు ఎలా కడతాయో చెప్పుకుపోయింది. దాని మొహంలో అంత సంతోషం చూసి ఎన్నాళ్ళయిందో. చూడమని ఆ ఉప్పు నా చేతికివ్వబోయింది.

చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మా ఇంట్లో ఉప్పు డబ్బా బల్ల మీద పెట్టాకే ఇంకొకరు తీసుకోవాలి. అది మా అమ్మ పెట్టిన నియమం.

"కింద పెట్టు. చేతికిస్తే పోట్లాటలొస్తాయి" అన్నాను.

అది చెయ్యి దించలేదు.

"తెలుసమ్మా. రానీ. అరిచెయ్, తిట్టెయ్, ఐ డోంట్ కేర్. నువ్విలా సైలెంట్‌గా ఉంటే నాకు భయం వేస్తోంది."

పద్దెనిమిదేళ్ళ పిల్ల తల్లిని పోట్లాట అడుక్కుంటోంది.

అరచెయ్యి చాపాను. వెచ్చటి ఉప్పు పలుకులు పడ్డాయి.

"సీటు వదిలేసే ముందు నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదుటే?" అని అరిచాను.

"త్రీ టైమ్స్ చెప్పా" అని అదీ అంతే గట్టిగా అరిచింది.

నిజమే, చెప్పింది. విననిది నేనే. ఆ సాయంత్రం రిసార్టు చేరేదాకా పోట్లాడుకుంటూనే ఉన్నాం.