నన్ను లేపి పో

మా చిక్కడపల్లి అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా నర్మదను "హాస్టల్ ఆయా" అంటే నాకు ఒళ్లు మండుతుంది. లిఫ్టులో అన్నారంటే లిఫ్టు ఆగేలోపే తగులుకుంటాను. "ఆయా ఏంటండీ! ఇంటినిండా ఆడపిల్లల్ని రాత్రంతా కాచే మనిషి" అంటాను. మా ఆయన బుచ్చిబాబు పక్కనుంచి నా చెయ్యి లాగుతుంటారు. లాగనీండి. నర్మద గురించి గొప్పలు చెప్పుకునే హక్కు ఈ భవనంలో నాకొక్కదానికే ఉంది. పొద్దున్నే డ్యూటీ దిగి ఆమె మొదట అడుగుపెట్టేది మా వంటింట్లోనే. ఆ రాత్రి సంగతులు అందరికంటే ముందు వినేదీ నేనే.

నర్మద పుట్టింది ముషీరాబాద్‌లో. పెళ్లయి మా ఎదురు ఫ్లాట్‌కి వచ్చింది. భర్త వెంకటేశ్‌కి కాచిగూడలో ఒక హోల్‌సేల్ దుకాణంలో పగలంతా పని, ఈమెకు రాత్రి డ్యూటీ. ఇద్దరూ మాట్లాడుకునేది మెట్ల మీదే, ఒకరు ఎక్కుతూ ఒకరు దిగుతూ. అందుకే వాళ్లకు పోట్లాడుకునే తీరిక లేదని మా ఆయన అంటారు. మాకు మాత్రం తీరిక బాగానే ఉంది.

మొదట్లో ఆమె ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో రాత్రిపూట రోగుల్ని చూసుకునేది. అంబిక అనే ఆవిడ తల్లి చివరి రోజులు అక్కడే గడిచాయి. ఆ ముసలావిడ రాత్రిళ్లు ఎవరి మాటా వినేది కాదు, నర్మద మాట తప్ప. తల్లి పోయిన కొన్నాళ్లకు అంబిక వెతుక్కుంటూ మా భవనానికి వచ్చింది. "నర్మదక్కా, మా పిల్లల దగ్గర రాత్రిళ్లు ఉంటారా?" అని అడిగింది.

అంబిక నడిపేదాన్ని అందరూ తోట ఇల్లు అంటారు. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య, స్టడీ హాళ్ల బోర్డుల వెనక, ఇంకా బిల్డర్ చేతికి చిక్కని పాత బంగళా అది. చుట్టూ పెద్ద దొడ్డి. మామిడి, జామ, మునగ, కూరమళ్లు, కోళ్లు. ఇళ్లలో ఉండలేని పరిస్థితి వచ్చిన ఆడపిల్లలు అక్కడ ఉండి చదువుకుంటారు. మట్టిలో చెయ్యి పెడితే మనసు కుదుటపడుతుందని అంబిక నమ్మకం. అందుకే వచ్చిన ప్రతి పిల్లకూ తనదంటూ ఒక మడి గానీ, ఒక పని గానీ ఇస్తుంది. పగలు బాగానే గడిచిపోతుంది. చీకటి పడ్డాకే అసలు సంగతి. పగలంతా నవ్వుతూ పాదులు తీసిన పిల్ల రాత్రి గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ఒకతి నిద్రలో అరుస్తుంది. ఒకతి పక్క తడిపి, సిగ్గుతో దుప్పటి దాస్తుంది. వీళ్లందరికీ ఆ వేళ దిక్కు నర్మదే.

మిగతా చోట్ల రాత్రి డ్యూటీవాళ్లు, ఎవరూ జారిపోకుండా, గుమ్మానికి అడ్డంగా పడుకుంటారట. నర్మద మొదటిరోజే చాపను గుమ్మం పక్కకి లాక్కుంది. తలుపు ఓరగా తెరిచే ఉంచింది. ఎందుకని అంబిక అడిగింది.

"అడ్డం పండుకుంటే పోయేటి పిల్ల నన్ను దాటుకుంట పోవాలె. పండుకున్న మనిషిని దాటొద్దు గద అంబికమ్మా. పోయేది పోతది, ఆ తప్పు గూడ మనమెందుకు చేయించాలె?" అంది నర్మద.

పిల్లలకు మాత్రం ఒకటే మాట చెప్పింది. "పోవాలనిపిస్తే నన్ను లేపి పో."

పిల్లలు పడీపడీ నవ్వారట. నేనూ నవ్వాను. "లేపి మరీ పారిపోయేవాళ్లు ఎక్కడైనా ఉంటారా నర్మదా?"

"నవ్వితే నవ్వు గని అక్కా, గొళ్లెం పెడితే దాన్ని ఎట్ల తియ్యాల్నని ఆలోచిస్తరు. నన్ను లేపాలంటే నా మొకం చూడాలె" అంది, కాఫీ ఊదుకుంటూ.

చలికాలం వచ్చిందంటే ఆమె చాప పక్కన చిక్కుడు జాతి అనపకాయల కుప్ప ఉంటుంది. మా కోస్తా వైపు ఈ సరదా తక్కువ, ఇక్కడికొచ్చాకే నాకు అలవాటైంది. నిద్రపట్టని పిల్ల వచ్చి పక్కన కూర్చుని కాయలు వలుస్తుంది. నర్మద ఏమీ అడగదు. చెబితే వింటుంది, చెప్పకపోతే ఇద్దరూ వలుస్తారు. పొద్దున ఆ గింజల్నే ఉడకబెట్టి, పోపేసి గుడాలు చేస్తారు. గిన్నె నిండుగా ఉందంటే రాత్రి ఎవరికో నిద్ర లేదన్నమాట.

శ్రీదివ్య వచ్చాక గిన్నె రోజూ నిండేది.

పదిహేనేళ్ల పిల్ల. చిన్నప్పుడే ఎవరింట్లోనో పనికి పెట్టారు. ఆ ఇంటివాళ్లు ఊరెళ్లినప్పుడల్లా పిల్లను లోపలుంచి బయట తాళం వేసి వెళ్లేవాళ్లు. అప్పట్నుంచి గొళ్లెం చప్పుడు వింటే దానికి ఒళ్లు బిగుసుకుపోతుంది. ఆ ఇంట్లోంచి బయటపడ్డాక ఉంచిన ప్రతి హోమ్ నుంచీ పారిపోయింది. తోట ఇంటినుంచి కూడా పోయిందంటే, ఎక్కడో దూరాన రాత్రిళ్లు తాళం వేసే హోమ్‌కి పంపించేస్తామని, ఇలాంటి పిల్లల్ని ఎక్కడ ఉంచాలో తేల్చే ప్రభుత్వ కమిటీ ముందే చెప్పేసింది. ఏ తాళాన్ని చూసి ఆ పిల్ల పరుగెడుతోందో మళ్లీ ఆ తాళం వెనక్కే పంపుతారట! విన్నరోజు నా బీపీ పెరిగింది.

అంబిక దానికి కోళ్ల పని ఇచ్చింది. సాయంత్రం కోళ్లను గంప కింద మూయడం, తెల్లారగానే గంప తీయడం. ఆ పని మాత్రం ఒక్కరోజూ మానలేదు. రాత్రయితే కన్ను మూసేది కాదు, తెల్లవార్లూ కాయలు వలిచేది.

డిసెంబర్‌లో ఒక రాత్రి నర్మద భుజం మీద చెయ్యి పడింది.

"అక్కా, నేను పోతున్న."

నర్మద లేచి కూర్చుంది. "ఏడికి?"

"కాచిగూడ టేషన్‌కు."

"ఆడికెళ్లి?"

"ఏ బండి ఉంటే గా బండికి."

నేనైతే ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని అశోక్‌నగర్ అంతా లేచేలా అరిచేదాన్ని. నర్మద చీకట్లో కాలితో తడుముకుని చెప్పులు వేసుకుంది. వంట చేసే ఎంకమ్మను లేపి మిగతా పిల్లల దగ్గర కూర్చోబెట్టింది. శాలువా తెచ్చి శ్రీదివ్య మీద కప్పింది.

"పా, నేను గూడ వస్త. గింత చలిల ఒక్కదానివి ఎట్ల పోతవ్?"

పిల్ల ఎదురుగానే, తన ఇంటి దగ్గరున్న అంబికకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అంబిక అటునుంచి కేక పెట్టింది. "ముందు గేటు మూయండి నర్మదక్కా!"

"మూస్తే గోడ దుంకుతది అంబికమ్మా. తీస్తే నా పక్కన నడుస్తది. మీరు బండి మీద ఎనకనుంచి రాండ్రి, జర దూరంగ."

అలా ఇద్దరూ బయలుదేరారు. అశోక్‌నగర్ టీ కొట్టు దగ్గర పరీక్షలకు చదివే కుర్రాళ్లు పుస్తకాల్లోంచి తలెత్తలేదు. చిక్కడపల్లి రోడ్డుమీద మెట్రో స్తంభాల పక్కనుంచి నడిచారు. ఎందుకు పోతున్నావని నర్మద ఒక్కసారి కూడా అడగలేదు. మా సందు దగ్గరికి రాగానే మాత్రం, "గా మూడో అంతస్తుల మా అక్క ఉంటది. నోరు పెద్దది గని కాఫీ మంచిగ పోస్తది" అని చూపించిందట. నోటి సంగతి అలా ఉంచండి, ఆ రాత్రి నా ప్రస్తావన వచ్చినందుకు నాకు ఇప్పటికీ గర్వమే.

నారాయణగూడ దాటి కాచిగూడ చేరారు. ప్లాట్‌ఫామ్ టికెట్ కొందామని నర్మద భుజానున్న సంచి తెరిస్తే లోపల అనపకాయలున్నాయి! చీకట్లో డబ్బుల సంచి అనుకుని కాయల సంచి తగిలించుకొచ్చింది. శ్రీదివ్య దగ్గరా పైసా లేదు. ఆ సంచిలోకి చూసి పిల్ల నవ్వింది. తోట ఇంటికి వచ్చాక అది నవ్వడం అదే మొదలట.

ఇద్దరూ స్టేషన్ బయట మెట్ల మీద కూర్చుని శాలువా పరుచుకుని కాయలు వలవడం మొదలుపెట్టారు. కాస్త దూరంలో అంబిక స్కూటీ మీద, కాళ్లు నేలకు ఆనించి కూర్చుంది. లోపల బండి వస్తోందని మైకులో చెప్పినప్పుడల్లా పిల్ల తలెత్తేది. నర్మద దాని చెయ్యి పట్టుకోలేదు.

"చేతులు ఖాళీగ ఉంటే దాన్ని పట్టుకుంటనేమో అక్కా. అందుకే కాయలు వలుసుకుంట కూసున్న" అని తర్వాత నాకు చెప్పింది.

ఎంతసేపటికో శ్రీదివ్య అడిగింది. "పొద్దుగాల గంప ఎవరు తీస్తరు?"

"కోళ్లదా? ఎంకమ్మ తీస్తదిలే."

"ఆమె మరిచిపోతది. ఎండొచ్చినంక గూడ మూసే పెడతది." ఆ పిల్ల లేచి శాలువా దులిపింది. "పోదాం పా అక్కా. అవి లోపట్నే ఉంటయ్."

నర్మద సంచి మూతి కట్టింది. అంబిక ఆటో పిలిచింది.

అక్కడితో అయిపోలేదు. పిల్ల రాత్రిపూట గేటు దాటితే కమిటీకి చెప్పి తీరాలి. అంబిక చెప్పింది. పిలుపొచ్చింది. నర్మదకు ఆఫీసులంటే భయం, అందుకని నేనూ తోడు వెళ్లాను. ఎవరైనా ఒక్క మాట తూలితే కడిగేద్దామని దారంతా మాటలు కూడగట్టుకున్నాను. నాకు నోరు విప్పే పనే పడలేదు.

కమిటీలో పెద్దావిడ నెమ్మదస్తురాలే. "గేటు దాటి రైల్వే స్టేషన్ దాకా వెళ్లింది. మా లెక్కలో ఇది పారిపోవడమే కదమ్మా" అంది.

నర్మద లేచి నిలబడింది. కొంగు రెండు చేతుల్తో పట్టుకుంది, గొంతు మాత్రం తడబడలేదు. "లేపి చెప్పిన పిల్ల పారిపోయినట్టు ఎట్లయితది మేడం? మా ఇంటాయన గూడ చెప్పకుంటనే బయటికి పోతడు. ఈ పిల్ల చెప్పింది. పోయింది, మళ్ల వచ్చింది. పారిపోయిందని రాస్తే, రేపు ఇంకో పిల్ల నన్నెందుకు లేపుతది?"

ఆవిడ శ్రీదివ్య వైపు తిరిగింది. "ఈమెను ఎందుకు లేపావు తల్లీ? మెల్లగా వెళ్లిపోవచ్చుగా?"

పిల్ల నేలచూపులు చూస్తూనే చెప్పింది. "కొడతదో తిడతదో చూద్దామని లేపిన."

"మరి ఏం చేసింది?"

"చెప్పులేసుకుంది."

నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆ పెద్దావిడ కూడా కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది. "సరే, ఇక్కడే ఉండనిద్దాం. ఇంకొక్కసారి గేటు దాటితే మాత్రం పంపించకుండా నేను కూడా ఆపలేను" అంది.

బయటికి రాగానే నర్మదను రోడ్డుమీదే కావలించుకున్నాను. నా నోరు పెద్దదే గానీ, అవసరమైన చోట అవసరమైన మాట అనగలిగింది మాత్రం మా నర్మదే.

ఆ తర్వాత రాత్రులు ఆమెకు గండంలాగే గడిచాయి. ఇంకొక్కసారి పిల్ల లేపిందంటే ఈసారి నడిచి వెళ్లడానికి లేదు. అయినా చాప గుమ్మానికి అడ్డంగా జరపలేదు. తలుపు మూయలేదు. చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు.

సంక్రాంతి సెలవులు అయిపోయిన వారంలో మళ్లీ భుజం మీద చెయ్యి పడింది.

"అక్కా."

నర్మద ఏమీ అడగకుండా లేచి, చీకట్లో కాలితో చెప్పుల కోసం తడిమింది.

"చెప్పులొద్దక్కా" అంది శ్రీదివ్య. ఆవులిస్తోంది. "నాకు నిద్రొస్తుంది. చెప్దామని లేపిన."

ఆ పొద్దున మా వంటింట్లో ఈ మాట చెబుతూ నర్మద నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "అది పోయి మంచిగ పండుకుందక్కా. నాకే తెల్లారేదాంక కన్ను మూతపడలే" అంది. నేను కాఫీ ఆమె చేతిలో పెట్టి బయటికి పరుగెత్తాను. ఆ పూట మా అపార్ట్‌మెంట్‌లో నేను తలుపు కొట్టని ఇల్లు లేదు.