చిత్రావతి ఇసుకలో ప్రాణవాయువు

1968లో నన్ను చింతామణిలోని ఒక బాలికల హైస్కూలుకు అసిస్టెంట్ మిస్ట్రెస్‌గా వేశారు. హెడ్‌మిస్ట్రెస్ కింద పాఠాలు చెప్పేవాళ్ళకు అప్పటి మైసూరు రాష్ట్రంలో ఆ హోదా ఉండేది. నేను చదివింది రసాయనశాస్త్రం, చెప్పాల్సింది గృహవిజ్ఞానం. సైన్సు విభాగం కావాలని అడిగితే స్కూలు కమిటీ రెండుసార్లు కాదన్నది.

కమిటీ అధ్యక్షుడు వెంకటరమణశెట్టి వేరుశనగ వ్యాపారి, లారీలున్న ఆసామి. ఒక సాయంత్రం స్కూల్లో చంద్రయాత్ర గురించి నేను ఊరివాళ్ళకు చెబుతుంటే ఆయన లేచారు.

"మా లారీ మదరాసుకు పోతే తిరిగొచ్చేదానికి డీజిల్ ఆడనే పోయిస్తాం. చంద్రుడి మీద యాడ పోయిస్తారమ్మా?"

రాకెట్టు మోసే బరువులో ఇంధనం కన్నా దాన్ని మండించే ప్రాణవాయువే ఎక్కువ. అది అక్కడి రాళ్ళలోనే చిక్కుకుని ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా అనీ, అక్కడే తీసుకోగలిగితే తిరుగు ప్రయాణం తేలికవుతుందనీ చెప్పాను.

"రాతిలో గాలి ఉండాదా? కండ్లారా చూపించమ్మా, సైన్సు సెక్షన్‌కు సంతకం పెడతా. చూపించకపోతే మళ్ళా ఆ మాట ఎత్తొద్దు," అన్నారు.

"అట్లే కానీండప్పా," అన్నాను. సభలో కొందరు నవ్వారు.

బాగేపల్లి దగ్గర చిత్రావతి నది ఇసుకలో అయస్కాంతానికి అంటుకునే నల్లటి రేణువులుంటాయి. అది ఇనుప ఖనిజం, అంటే ఇనుముతో ప్రాణవాయువు కలిసి ఉన్న రాతిపొడే. పదో తరగతి పిల్లలతో వెళ్ళి తెచ్చి, మెత్తగా నూరి, తడి లేకుండా వేయించాం. జింకు మీద ఆసిడ్ పోస్తే వచ్చే హైడ్రోజన్‌ను ఆరబెట్టి, బాగా కాలిన ఆ ఇసుక మీదుగా పంపాలి. అది ఇసుకలోని ప్రాణవాయువును లాక్కుని నీరవుతుంది. ఆ నీటిని కరెంటుతో విడగొడితే ప్రాణవాయువు దక్కుతుంది, హైడ్రోజన్ మళ్ళీ పనికొస్తుంది. నీరు వచ్చిందని తెలిపేది వేయించిన మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్. ఆ తెల్లటి పొడి తడి తగిలితే నీలంగా మారుతుంది.

ఆ రోజు కమిటీ అంతా వచ్చింది. ప్రయోగం చేసింది సరోజ అనే విద్యార్థిని. గొట్టంలో గాలి మిగిలితే పేలుతుంది కాబట్టి, హైడ్రోజన్ చప్పుడు లేకుండా మండేదాకా పరీక్షించింది. ముందు ఖాళీ గొట్టాన్ని కాల్చి అందులోంచి హైడ్రోజన్ పంపింది. గొట్టం చివర ఉంచిన పొడి తెల్లగానే ఉంది. తర్వాత ఇసుక పోసి మళ్ళీ కాల్చింది. చాలాసేపు ఏమీ కాలేదు. అప్పుడు పొడి అంచున నీలం మొదలై, చూస్తుండగానే అంతటా పాకింది.

"ఆ తడి ఆసిడ్‌లోంచి వచ్చిండొచ్చు గదా?" అన్నారు శెట్టిగారు.

నేను నోరు తెరిచేలోపే సరోజ చెప్పింది. "ఖాళీ గొట్టంలోనూ అదే గాలి పంపినాం కదప్పా. అప్పుడు తెల్లగానే ఉండె. ఇప్పుడు కొత్తగా కలిసింది ఇసుక ఒకటే."

ఆయన గొట్టాన్ని, పొడిని మార్చి మార్చి చూశారు. "అయితే లారీ తిరిగొస్తాదిలే," అని కలం తీశారు. పిల్లల చప్పట్లు వీధిలోకి వినిపించాయి. మరుసటి జూన్‌లో సైన్సు విభాగం మొదలైంది. మొదటి పాఠం నేనే చెప్పాను.

ఎదుటివాడి అనుమానాన్ని ముందే ఊహించి, దాని జవాబును ప్రయోగంలోనే ఉంచాలని ఆ రోజు నేర్చుకున్నాను. రెండు అర్జీలతో కానిది అలా ఒక పూటలో అయింది.